‘స్పీక్’ నవలలో చిత్రకళా తరగతి: మౌనం, సాధన, సాక్ష్యం

వ్యాస సంగ్రహం

లారీ హాల్స్ ఆండర్సన్ రచించిన ‘స్పీక్’ (1999) అమెరికన్ కిశోర సాహిత్యంలో విస్తృతంగా చర్చకు వచ్చిన నవల. అత్యాచారానికి గురై, ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేక మాట తగ్గించుకున్న మెలిండా అనే బాలిక హైస్కూలు తొలి సంవత్సరమే ఇందులోని వస్తువు. ఆ ఏడాది ఆమె చేరిన ప్రారంభస్థాయి చిత్రకళా తరగతి కథకు వెన్నెముకగా నిలుస్తుంది. ఈ తరగతిని కళాచికిత్సగా, అణచిపెట్టుకున్న బాధకు దొరికిన విడుదలగా వ్యాఖ్యానించడం పరిపాటి. అయితే ఒకే వస్తువును ఏడాదిపాటు పరిశీలించడం, విఫలం కావడం, మళ్లీ గీయడం అనే సాధన ద్వారా తనకు జరిగినదాన్ని తాను చూడగల చూపును ఆమెకు అందించడమే ఆ తరగతి చేసిన పని అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. చిత్రం మాటకు బదులుగా నిలవలేని సందర్భాలను, తెలుగు పాఠకుడికి ఈ నవల ముందుంచే భాషా సమస్యలను కూడా చర్చిస్తుంది.

కీలక పదాలు: కిశోర సాహిత్యం, చిత్రకళా బోధన, మౌనం, సాక్ష్యం, అత్యాచార కథనం, అనువాదం, మహదమహద్వాచకాలు.

1. ఉపోద్ఘాతం

పాఠశాల కథల్లో చిత్రలేఖనం తరగతికి దక్కే చోటు సాధారణంగా చిన్నది. లెక్కల మాస్టారు భయానికి, తెలుగు మాస్టారు అభిమానానికి, డ్రిల్లు మాస్టారు హాస్యానికి ఉపయోగపడినంతగా డ్రాయింగు మాస్టారు కథకులకు ఉపయోగపడలేదు. ఆ తరగతిలో సంఘర్షణకు తావు తక్కువన్న భావన ఇందుకు ఒక కారణం కావచ్చు. బొమ్మ బాగా కుదిరినా కుదరకపోయినా పిల్లవాడి చదువు ఆగిపోదు కదా అన్నది లోకం తీరు.

ఈ తీరుకు భిన్నంగా ఒక బాలిక బతుకు నిలబడుతుందా కూలిపోతుందా అన్న ప్రశ్నను చిత్రకళా తరగతిలోనే పెట్టిన నవల ‘స్పీక్’. 1999లో వెలువడిన ఈ రచన ఆ ఏడాది అమెరికా జాతీయ పుస్తక పురస్కారానికి తుది జాబితాలో నిలిచింది. 2000లో మైకేల్ ఎల్. ప్రింట్జ్ గౌరవ పురస్కారం పొందింది. 2004లో చలనచిత్రంగా, 2018లో ఎమిలీ కారల్ చిత్రాలతో గ్రాఫిక్ నవలగా వచ్చింది. పాఠశాల గ్రంథాలయాల నుంచి తొలగించాలన్న అభ్యంతరాలను కూడా ఈ నవల ఎదుర్కొంది. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ ప్రకటించిన 2020 సంవత్సరపు అభ్యంతరిత పుస్తకాల జాబితాలో దీనిది నాలుగో స్థానం. పదమూడేళ్ల వయసులో తానూ అత్యాచారానికి గురైనట్లు రచయిత్రి 2019లో ‘షౌట్’ అనే పద్యాత్మక స్వీయచరిత్రలో వెల్లడించారు. 2023లో ఆమెకు ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ స్మారక పురస్కారం లభించింది.

ఈ నవలపై వచ్చిన విమర్శలో గాయానంతర మానసిక స్థితిని చర్చించిన వ్యాసాలు ఎక్కువ. డాన్ లేథమ్ 2006లో మెలిండా దాక్కునే గదిని కేంద్రంగా చేసుకొని గాయాన్ని, అస్తిత్వాన్ని చర్చించాడు. క్రిస్ మెగీ 2009లో, ఆమె జరిగినదేమిటో ఎందుకు చెప్పేయదు అన్న ప్రశ్ననే శీర్షికగా చేసుకొని, నవలలోని ఒప్పుకోలు స్వరాన్ని విచారించాడు. చిత్రకళా తరగతిని ఒక తరగతిగా, అంటే బోధన, అభ్యాసం, మూల్యాంకనం ఉన్న వ్యవస్థగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. కథావస్తువు, నిర్మాణం

అమెరికాలో హైస్కూలు సాధారణంగా తొమ్మిదో తరగతితో మొదలవుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ నగరంలో, మెరీవెదర్ హైస్కూలులో మెలిండా సార్డినో తొమ్మిదో తరగతిలో చేరిన రోజుతో నవల ఆరంభమవుతుంది. అంతకుముందు ఆగస్టులో జరిగిన ఒక విందు నుంచి ఆమె పోలీసులకు ఫోను చేసింది. విందు చెడగొట్టిందని తోటి విద్యార్థులంతా ఆమెను వెలివేశారు. ఆ రాత్రి అక్కడికి దగ్గరలోని చెట్ల నీడలో ఆండీ ఎవన్స్ అనే పెద్ద తరగతి విద్యార్థి ఆమెపై అత్యాచారం చేశాడన్నది ఎవరికీ తెలియదు. ప్రాణస్నేహితురాలు రేచెల్ కూడా ఆమెతో మాట్లాడడం మానేసింది.

నవలను రచయిత్రి నాలుగు మార్కింగ్ పీరియడ్లుగా విభజించింది. ఒక్కో భాగం చివర మెలిండా తనకు తాను రాసుకున్న మార్కుల పట్టిక ఉంటుంది. అందులో పాఠ్యాంశాలతోపాటు మధ్యాహ్న భోజనం, దుస్తులు, ప్రవర్తన వంటివీ చేరతాయి. మిగిలిన విషయాల్లో ఆమె దిగజారుతున్న కొద్దీ చిత్రకళలో మాత్రం నిలదొక్కుకుంటూ వస్తుంది. పాఠశాల కాలమానాన్నే కథాకాలమానంగా స్వీకరించడం వల్ల ఒక సౌలభ్యం ఏర్పడింది. కోలుకోవడం అనేది ఒక్క క్షణంలో జరిగే అద్భుతంగా గాక, వారం వారం హాజరు వేయించుకొని నేర్చుకునే చదువుగా కనిపిస్తుంది.

కథనం ఉత్తమపురుషలో సాగుతుంది. చుట్టూ ఉన్నవారితో పెదవి విప్పని బాలిక పాఠకుడితో ధారాళంగా, వ్యంగ్యంగా మాట్లాడుతుంది. కాబట్టి ఆమెకు కొరవడింది భాష కాదు. తన మాట విని నమ్మేవారు ఉంటారన్న నమ్మకం ఆమెకు కొరవడింది. ఈ భేదాన్ని గుర్తించకపోతే చిత్రకళా తరగతి పాత్రను తప్పుగా అంచనా వేసే ప్రమాదం ఉంది.

3. మాటలు అడిగే తరగతులు

చిత్రకళా తరగతి విలువ తెలియాలంటే దాని చుట్టూ ఉన్న ఇతర తరగతులను చూడాలి. స్పానిష్ ఉపాధ్యాయిని మొదటి రోజు నుంచీ ఇంగ్లీషు మాట్లాడనని నియమం పెట్టుకొని సైగలతో నెట్టుకొస్తుంది. సాంఘికశాస్త్రం చెప్పే మిస్టర్ నెక్ చర్చను తనకు నచ్చినంతసేపే సాగనిస్తాడు. ఇంగ్లీషు తరగతిలో హాథార్న్ నవల ‘ది స్కార్లెట్ లెటర్’ పాఠంగా వస్తుంది. అక్కడ ప్రతీక అంటే రచయిత దాచిపెట్టిన ఒక సంకేతం. దాన్ని విప్పి, ఉపాధ్యాయిని ఆశించిన జవాబు రాయడమే చదువు. సమాజం వెలివేసిన హెస్టర్ పాత్రలో మెలిండా తనను తాను చూసుకోగలిగింది. అయినా ఆ పోలికకు తరగతిలో చోటు లేదు.

వీటిలో ముఖ్యమైనది ఓటుహక్కు కోసం పోరాడిన స్త్రీల గురించిన నివేదిక సన్నివేశం. మెలిండా శ్రద్ధగా చదివి మంచి వ్యాసం రాస్తుంది. దాన్ని తరగతి ముందు నిలబడి చదవాలని మిస్టర్ నెక్ పట్టుబడతాడు. ఆమె నోరు విప్పకుండా, తన మౌనాన్నే నిరసనగా ప్రకటిస్తూ వ్యాసం ప్రతులను పంచుతుంది. ఫలితంగా తక్కువ మార్కు వస్తుంది. ఆ తర్వాత సహాధ్యాయి డేవిడ్ పెట్రాకిస్ ఒక సంగతి ఎత్తిచూపుతాడు. ఆ స్త్రీలు పోరాడింది నోరు విప్పడానికి గనుక, వారి పేరు మీద మౌనాన్ని సమర్థించుకోవడం పొసగదు అన్నది అతని వాదం.

ఈ సన్నివేశంలో రచయిత్రి ఏ పక్షాన్నీ సులువుగా గెలిపించలేదు. బలవంతంగా మాట్లాడించడం హింసేనని చూపిస్తూనే, మౌనాన్ని హక్కుగా కీర్తించడంలోని లోపాన్ని డేవిడ్ చేత చెప్పించింది. మాట్లాడమని నెట్టడం తప్పు. మాట్లాడకుండా ఉండిపోనివ్వడమూ తప్పు. ఈ రెంటికీ మధ్య ఒక దారి ఉందా అన్న ప్రశ్నకు జవాబు చిత్రకళా తరగతిలో లభిస్తుంది.

4. చెట్టు: తేలికనిపించిన అంశం

చిత్రకళా ఉపాధ్యాయుడు మిస్టర్ ఫ్రీమన్ మొదటి రోజు పగిలిన భూగోళంలో కాగితపు చీటీలు వేసి విద్యార్థుల చేత తీయిస్తాడు. చీటీలో ఉన్న వస్తువును ఏడాది పొడవునా కళగా మలచాలి. మెలిండాకు ‘చెట్టు’ వస్తుంది. చెట్టు గీయడం రెండో తరగతిలోనే నేర్చుకున్నాను కదా అని ఆమె మరో చీటీ తీయబోతుంది. ఫ్రీమన్ ఒప్పుకోడు.

ఇక్కడ అమెరికన్ చిత్రకళా బోధన చరిత్రను స్మరించడం అవసరం. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో ప్రచురించిన ‘క్రియేటివ్ అండ్ మెంటల్ గ్రోత్’ గ్రంథంలో బాలల చిత్రాలను వికాస దశలుగా వర్గీకరించాడు. సుమారు ఏడు నుంచి తొమ్మిదేళ్ల మధ్య పిల్లలు ప్రతి వస్తువుకూ ఒక స్థిరమైన గుర్తును ఏర్పరచుకుంటారు. నిలువు కాండం, దానిపై గుండ్రటి ఆకుల గుత్తి అలాంటి గుర్తే. బెట్టీ ఎడ్వర్డ్స్ 1979లో వెలువరించిన ‘డ్రాయింగ్ ఆన్ ది రైట్ సైడ్ ఆఫ్ ది బ్రెయిన్’ గ్రంథం ఈ విషయాన్నే మరో దిశ నుంచి చెప్పింది. పెద్దయ్యాక గీయలేకపోవడానికి చేతివాటం లేకపోవడం కారణం కాదని, ఎదుట ఉన్న వస్తువును చూడకుండా చిన్ననాటి గుర్తునే గీస్తూ ఉండడం కారణమని ఆమె వాదన. గీయడం నేర్చుకోవడమంటే చూడడం నేర్చుకోవడమే అన్నది ఆ గ్రంథ సారాంశం.

మెలిండా రెండో తరగతిలో నేర్చిన చెట్టు ఇటువంటి గుర్తే. అది చెట్టును గుర్తు చేస్తుంది గాని చూపించదు. ఆమె జీవితంలో జరిగిన సంఘటనకూ ఇటువంటి గుర్తే ఒకటి ఉంది. తనపై దాడి చేసినవాడిని ఆమె పేరుతో తలవదు. జడపదార్థానికి వాడే సర్వనామంతోనో, మృగమన్న మాటతోనో సూచిస్తుంది. చెట్టు బొమ్మ, ఆ సర్వనామం రెండూ ఒకే పని చేస్తున్నాయి. అసలు వస్తువును చూడనక్కరలేకుండా దాని చోటులో ఒక గుర్తును నిలబెడుతున్నాయి. పైగా దాడి జరిగింది చెట్ల నీడలో గనుక ఆమెకు చీటీలో వచ్చిన మాట పైకి కనిపించినంత అమాయకమైనది కాదు. తేలికైన అంశమని ఆమె అనుకున్నది ఆమె చూడలేని చోటికే దారి తీసే అంశం.

1980వ దశకంలో గెట్టీ సంస్థ అండతో అమెరికాలో శాస్త్రక్రమాధారిత చిత్రకళా బోధన ప్రచారంలోకి వచ్చింది. చిత్రనిర్మాణం, కళాచరిత్ర, కళావిమర్శ, సౌందర్యశాస్త్రం అనే నాలుగు అంగాలను కలిపి నేర్పాలన్నది ఆ విధానం. స్వేచ్ఛగా లోపలి భావాన్ని వెలిబుచ్చడమే చాలన్న పూర్వధోరణిని అది ప్రశ్నించింది. ఫ్రీమన్ మాటతీరు చూస్తే అతడు స్వేచ్ఛావాదిగా కనిపిస్తాడు. కాని ఆచరణలో అతని తరగతి క్రమశిక్షణతో కూడినది. వస్తువును మార్చుకోనివ్వడు. మాధ్యమాలను మారుస్తాడు. వెలితిని వెలితిగా చెబుతాడు. పికాసో చిత్రాల నుంచి విద్యార్థిని నేర్చుకోగల వాతావరణం కల్పిస్తాడు. ఈ క్రమశిక్షణను విస్మరించి అతని తరగతిని భావవిరేచనశాలగా మాత్రమే చూడడం నవలకు న్యాయం చేయదు.

5. సాధన క్రమం

మెలిండా చెట్టు ఏడాదిలో అనేక రూపాలు దాలుస్తుంది. వాటి క్రమంలో ఒక తర్కం ఉంది.

5.1 నీటిరంగులు: మొదట ఆమె పిడుగు పడిన చెట్లను నీటిరంగుల్లో చిత్రిస్తుంది. అవి దాదాపు చచ్చినవే గాని పూర్తిగా చావనివి. ఈ దశలో ఆమె గీస్తున్నది తన దుఃఖాన్నే. ఫ్రీమన్ వాటిని పొగడడు. బాధ ఉన్నంతమాత్రాన చిత్రం కాదన్న సూచన ఈ మొదటి దశలోనే అందుతుంది.

5.2 ఎముకల శిల్పం: థాంక్స్‌గివింగ్ పండుగనాడు వంట పాడై మిగిలిన టర్కీ కోడి ఎముకలను ఆమె తరగతికి తెస్తుంది. వాటిని చెక్కపై అమర్చి, మధ్యలో బార్బీ బొమ్మ తలను ఉంచి, దాని నోటికి టేపు అతికిస్తుంది. తాను గీయదలచని దాన్ని ఆమె చేతులు మొదటిసారి నిర్మించిన సందర్భమిది. ఫ్రీమన్ అందులో వేదన ఉందని గుర్తిస్తాడు. ఆ వేదన ఎవరిదని మాత్రం అడగడు.

5.3 లినోలియం: ఆ తర్వాతి మాధ్యమం లినోలియం దిమ్మె. నీటిరంగు చెదిరితే సర్దుకోవచ్చు. లినోలియంపై ఒకసారి చెక్కిన గీత చెరగదు. పైగా అచ్చులో చెక్కిన భాగం తెల్లగా, చెక్కకుండా వదిలిన భాగం రంగుతో పడుతుంది. తీసేసినదే రూపాన్ని నిర్ణయించే ఈ మాధ్యమంలో ఆమె పదే పదే విఫలమవుతుంది. ఆమె చెట్లు నిర్జీవంగా ఉన్నాయని, లోపం లేని చెట్టు లోకంలో ఉండదని ఉపాధ్యాయుడు సూటిగా చెబుతాడు. మచ్చను, వంకర కొమ్మను గీయమంటాడు. మచ్చను దాచకుండా రూపంలో భాగం చేయాలన్న ఈ సూచన చిత్రకళకు సంబంధించిన సలహాగానే ఆమెకు అందింది. దాని మరో అర్థం ఆమెకు తర్వాతగాని అందదు.

5.4 పికాసో: పికాసో చిత్రాల పుస్తకం చూసిన మెలిండాకు క్యూబిజం పరిచయమవుతుంది. ఒక వస్తువును ఏకకాలంలో అనేక వైపుల నుంచి చూపే ఆ పద్ధతి ఆమెను ఆకర్షిస్తుంది. ముక్కలైన దాన్ని ముక్కలుగానే చూపుతూ కూడా ఒక కూర్పుగా నిలపవచ్చని ఆమె గ్రహించింది. ఇది కళాచరిత్ర నుంచి వచ్చిన పాఠం. లోపలి నుంచి తనంతట తాను పుట్టుకొచ్చిన భావం కాదు.

5.5 తోటలోని చెట్టు: చివరి భాగంలో ఇంటి ముందు చెట్టును ఒక నిపుణుడు నరుకుతుంటాడు. అతడు చెట్టును చంపడం లేదని, రోగం పట్టిన కొమ్మలు తీసేస్తే చెట్టు మళ్లీ పెరుగుతుందని ఆమె తండ్రి వివరిస్తాడు. జీవశాస్త్ర తరగతిలో కోసిన ఆపిల్‌లో మొలకెత్తిన గింజను చూసిన అనుభవం అంతకుముందే ఉంది. ఇప్పుడు చెట్టు ఆమెకు గుర్తుగా గాక, పెరిగే, జబ్బుపడే, మళ్లీ చిగిర్చే ప్రాణిగా కనిపిస్తుంది.

5.6 చివరి చిత్రం: ఏడాది చివర ఆమె గీసిన చెట్టులో రోగం పట్టిన బెరడు ఉంది, ఎండిన కొమ్మ ఉంది, వెలుతురు వైపు చాచిన శిఖరమూ ఉంది. ఆఖరున పక్షులు చేరతాయి. ఆ చిత్రంలో లోపాలున్నాయని, అందువల్లనే అది సరిగ్గా కుదిరిందని ఆమెకు తెలుసు. తన చిత్రానికి ఇంకేమీ అక్కరలేదని నిర్ణయించగలగడం కళావిమర్శ. మొదటి రోజు తేలికైన చీటీ వచ్చిందని చప్పరించిన విద్యార్థిని ఏడాది చివరికి తన పనిని తానే అంచనా వేయగల స్థితికి చేరుకుంది.

ఈ క్రమంలో స్పష్టమయ్యే విషయం ఒకటి ఉంది. భావావేశం అత్యధికంగా ఉన్న మొదటి చిత్రాలు విఫలమయ్యాయి. చూపు, నియమం, మాధ్యమజ్ఞానం కలిసిన చివరి చిత్రం నిలిచింది.

6. అడగని గురువు

మెలిండా మౌనం గురించి పాఠశాల యాజమాన్యం, సలహాదారు, తల్లిదండ్రులు ఒక సమావేశంలో ఆమెను నిలదీస్తారు. ఎందుకు మాట్లాడవన్నది వారి ప్రశ్న. అది పైకి ఆదుర్దాగా కనిపించినా లోపల అభియోగంగానే ఉంది. మిషెల్ ఫూకో 1976లో ప్రచురించిన ‘లైంగికత చరిత్ర’ మొదటి సంపుటంలో ఒప్పుకోలు అనేది అధికార సంబంధంలో జరిగే క్రియ అని విశ్లేషించాడు. చెప్పేవాడికంటె వినేవాడిదే అక్కడ పైచేయి. మెలిండా ఏడాది పొడవునా తప్పించుకుంటున్నది ఈ సంబంధాన్నే.

అయితే నవల చివర ఆమె తన కథ చెప్పబూనుకునేది ఒక పెద్దవాడికే, ఒక ఉపాధ్యాయుడికే కదా అన్న ప్రశ్న తలెత్తుతుంది. ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. దీనికి సమాధానం ఫ్రీమన్ వ్యవహరించిన తీరులో వెతకాలి. అతడు ఒకసారి ఆమెను కారులో ఎక్కించుకొని తల్లి పనిచేసే దుకాణం దగ్గర దింపుతాడు. ఎప్పుడైనా మాట్లాడాలనిపిస్తే తాను వింటానన్న సంగతి తెలియజేసి ఊరుకుంటాడు. ఆమె గాయం గురించి గుచ్చి గుచ్చి అడగడు. ఆమె చిత్రం గురించి మాత్రం గుచ్చి గుచ్చి అడుగుతాడు. తనను అడగకుండా తన పనిని అడిగే మనిషి ఆమెకు పాఠశాలలో అతడొక్కడే. చివర ఆమె చెప్పడానికి సిద్ధపడినప్పుడు ఆ చొరవ ఆమెది. అందువల్ల అది ఒప్పుకోలు కాదు, ఎంపిక.

ఫ్రీమన్‌ను ఆదర్శ గురువుగా కొలవవలసిన అవసరమూ లేదు. సామగ్రికి ఇచ్చే నిధులు కోసిన పాఠశాల బోర్డుపై అతడు తరగతిలోనే కోపం వెళ్లగక్కుతాడు. తాను వేస్తున్న పెద్ద చిత్రాన్ని విద్యార్థుల ఎదుటే చీల్చి పాడుచేస్తాడు. ఎముకల శిల్పంలో వేదనను గుర్తించిన తర్వాత కూడా ఆ బాలిక క్షేమం గురించి ఎవరినీ అప్రమత్తం చేయడు. అతని అడగనితనం బోధనారీత్యా గుణమే గాని, సంరక్షణరీత్యా లోపం. ఆ లోపానికి మూల్యం కథలో మెలిండా చెల్లించవలసి వస్తుంది. ఆండీ ఎవన్స్ ఏడాది పొడవునా అదే పాఠశాలలో ఆమె చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

7. చిత్రం చెప్పలేనిది

చిత్రకళ ఆమెను కాపాడిందని చెప్పి ముగిస్తే నవలలోని కీలక ఘట్టాలు వివరణకు లొంగవు. ఆండీ పేరును ఆమె తొలిసారి బహిరంగపరచింది చిత్రంలో కాదు, బాలికల మరుగుదొడ్డి గోడపై రాతలో. దూరంగా ఉండవలసిన అబ్బాయిల జాబితాకు అతని పేరుతో ఆమె మొదలుపెడుతుంది. కొన్నాళ్లకు ఆ పేరు కింద మరెందరో బాలికల రాతలు చేరతాయి. తాను ఒంటరి కానని ఆమెకు తెలిసింది ఆ గోడ ద్వారా. రేచెల్‌కు తనపై అత్యాచారం జరిగిందని తెలిపింది గ్రంథాలయంలో కాగితంపై రాసి. చెట్టు ఎంత బాగా కుదిరినా అది నేరస్థుడి పేరు చెప్పలేదు. పేరు చెప్పడం మాట పని.

మరి చిత్రకళ పాత్ర ఏమిటన్నదానికి పతాక సన్నివేశం సమాధానమిస్తుంది. వాడకంలో లేని పనివారి చిన్నగదిని మెలిండా తన ఆశ్రయంగా చేసుకుంది. అందులోని అద్దంలో తన ముఖం చూడలేక దానిపై మాయా ఏంజెలో చిత్రం ఉన్న పోస్టరు కప్పింది. ఆండీ అక్కడికి వచ్చి తిరిగి దాడి చేసినప్పుడు ఆమె వద్దని కేకవేస్తుంది. చేతికి ఎముకల శిల్పం అడుగున ఉన్న చెక్క దొరుకుతుంది. దానితో పోస్టరు మీదుగా అద్దాన్ని పగలగొట్టి, గాజుముక్కను అతని గొంతుకు ఆనిస్తుంది. అరుపు విన్న బాలికలు తలుపు దగ్గరికి చేరుకుంటారు.

నోటికి టేపు వేసిన బొమ్మను నిలబెట్టిన చెక్కే, తాను చూడలేక కప్పిపెట్టిన అద్దాన్ని పగలగొట్టింది. కేక మాత్రం ఆమె గొంతులోంచే వచ్చింది. కళ మాటకు బదులుగా రాలేదు, చేతికి అందే వస్తువుగా పక్కన నిలిచింది. చివరి చెట్టు చిత్రం ఈ ఘటన తర్వాతనే పూర్తవుతుందన్నదీ గమనించాలి. మాట చిత్రం వల్ల వచ్చింది, చిత్రం మాట వల్ల పూర్తయింది.

8. తెలుగు పాఠకుడి దృష్టితో

ఈ నవలను తెలుగులో ఊహించినప్పుడు కొన్ని భాషాసమస్యలు ఎదురవుతాయి. అవి అనువాదకుడి చిక్కులు మాత్రమే కాదు, నవల అర్థాన్ని మరింత స్పష్టం చేసే ప్రశ్నలు.

మొదటిది సర్వనామం. దాడి చేసినవాడిని మెలిండా జడవాచక సర్వనామంతో సూచించి మనుషుల కోవ నుంచి తొలగిస్తుంది. తెలుగులో దానికి సమానార్థకం ‘అది’. కాని తెలుగు వ్యాకరణ సంప్రదాయంలో ఏకవచనంలో పురుషులు మహద్వాచకాలు. స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడాలు అమహద్వాచకాలు. ఇంగ్లీషులో నేరస్థుడిని నెట్టివేయడానికి బాధితురాలు వెతుక్కున్న చోటులో తెలుగు వ్యాకరణం ముందే ఆమెను కూర్చోబెట్టింది. ‘అది వచ్చింది’ అంటే తెలుగు పాఠకుడు వచ్చింది ఆడపిల్లో, జంతువో అనుకుంటాడు. మెలిండా ఆయుధం తెలుగులో ఆమెనే తాకుతుంది. స్త్రీని వ్యాకరణం ఎక్కడ నిలిపిందన్న చర్చకు ఈ ఒక్క సర్వనామం బలమైన ఉదాహరణ.

రెండోది క్రియ. తెలుగులో ‘చెప్పడం’, ‘చెప్పుకోవడం’ వేరువేరు. గోడు చెప్పుకుంటారు, సాక్ష్యం చెబుతారు. ‘కొను’ అనుబంధం క్రియాఫలాన్ని కర్త వైపు మళ్లిస్తుంది. చెప్పుకున్నది చెప్పుకున్నవారి మనసు తేలిక చేస్తుంది. చెప్పినది లోకంలో ఒక పరిణామాన్ని కోరుతుంది. కళాచికిత్స కోణం మెలిండా చిత్రాలను చెప్పుకోవడంగా చదివింది. నవల సాగిన దిశ చెప్పుకోవడం నుంచి చెప్పడానికి.

మూడోది సామెత. మౌనం అర్ధాంగీకారమన్న మాట తెలుగు సమాజంలో పెళ్లిచూపుల నుంచి పంచాయతీ దాకా వినిపిస్తుంది. మెలిండా కథ ఈ మాటను తలకిందులు చేస్తుంది. ఆ రాత్రి ఆమె గొంతు పెగలకపోవడం అంగీకారం కాదు. ఆ తర్వాతి ఏడాది మౌనమూ అంగీకారం కాదు. భారతదేశంలో 2012 నాటి పోక్సో చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వారి విషయంలో అంగీకారం అన్న ప్రశ్ననే తొలగించింది. నేరం జరిగిందని తెలిసినవారు దాన్ని అధికారులకు తెలియజేయాలని 19వ సెక్షను నిర్దేశించింది. ఆ బాధ్యత ఉపాధ్యాయుడికీ వర్తిస్తుంది. అందువల్ల ఫ్రీమన్ అడగనితనాన్ని తెలుగు అధ్యాపకుడు అనుకరణీయ ఆదర్శంగా యథాతథంగా స్వీకరించలేడు. విద్యార్థిని పనిని ఓపికతో అడగడం, ఆమె క్షేమం విషయంలో ఊరుకోకపోవడం అనే రెండింటినీ కలుపుకోవలసి ఉంటుంది.

2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం పదో తరగతి వరకు కళావిద్యను తప్పనిసరి విషయంగా బోధించాలని సూచించింది. 2020 జాతీయ విద్యావిధానం కళను ఇతర పాఠ్యాంశాలతో మేళవించాలని చెప్పింది. ఈ రెండో సూచన వెంట ఒక ప్రమాదమూ ఉంది. కళ ఇతర పాఠాలకు అలంకారంగా మారితే, ఒకే వస్తువుతో ఏడాదిపాటు తలపడే అవకాశం పోతుంది. డ్రాయింగు పీరియడును లెక్కలకో సైన్సుకో అప్పగించే అలవాటు ఎరిగిన తెలుగు పాఠకుడికి, ఆ పీరియడులో ఏం పోతుందో ఈ నవల చూపుతుంది.

9. ముగింపు

పై చర్చ నుంచి ఈ అంశాలు తేలుతున్నాయి.

1. ‘స్పీక్’ నవలలోని చిత్రకళా తరగతి భావవిరేచన స్థలం కాదు. చిన్ననాటి గుర్తును విడిచి వస్తువును చూడడం నేర్పే సాధనాస్థలం.

2. నీటిరంగుల నుంచి చివరి చిత్రం వరకు సాగిన క్రమంలో వైఫల్యానికి చోటు ఉంది. మాట పొరపాటైతే శిక్షించే ఇతర తరగతులకు, బొమ్మ పొరపాటైతే మళ్లీ గీయించే ఈ తరగతికి ఇదే ముఖ్యమైన తేడా.

3. ఫ్రీమన్ విద్యార్థిని గాయాన్ని గాక ఆమె పనిని ప్రశ్నించడం వల్ల నవలాంతంలోని కథనం ఒప్పుకోలుగా గాక ఎంపికగా నిలిచింది. అయినా సంరక్షణ విషయంలో అతని ఊరకుండడం నవల విస్మరించని లోపం.

4. చిత్రం మాటకు ప్రత్యామ్నాయం కాలేదు. నేరస్థుడి పేరు గోడ మీది రాతలోను, నిరాకరణ గొంతులోంచి వచ్చిన కేకలోను వెలువడ్డాయి. ఆ రెండింటికీ కావలసిన చూపును, పట్టును చిత్రకళ సమకూర్చింది.

5. సర్వనామం, ‘చెప్పుకోవడం’, ‘మౌనం అర్ధాంగీకారం’ అనే మూడు చోట్ల ఈ నవల తెలుగు భాషలోని స్త్రీ స్థానాన్ని పునర్విచారించే అవకాశం కల్పిస్తుంది.

ఏడాది చివర ఉపాధ్యాయుడు మెలిండా చెట్టుకు అత్యున్నత మార్కు వేస్తాడు. కాని నవల ఆ మార్కుతో ముగియదు. ఆమె నోరు విప్పబోతున్న క్షణంతో ముగుస్తుంది. ఆమె చెప్పబోయేది వినడానికి సిద్ధంగా ఉన్నవాడు ఏడాదిగా ఆమె గీసిన ప్రతి చెట్టునూ చూసినవాడు. చూడడం నేర్పినవాడికే వినే అర్హత లభించింది.